పద్నాలుగో నంబరు గెలాక్సీ

చిరంజీవి బుజ్జికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా ఒంటికి బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ పశువుల ఆసుపత్రీ క్షేమమని తలుస్తాను. మనసు సంగతి మాత్రం ఆ ఒక్క ముక్కలో ఇమిడేది కాదు. దానికోసమే ఇన్ని కాగితాలు ముందేసుకున్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి. మొదటి మూడూ చింపేశాను. మీ నాన్న చెత్తబుట్ట చూసి, "ఫోన్ చేసి చెప్పొచ్చు కదా," అన్నారు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో ఏదో అంటావు, నేను అదే అదనుగా మాట మార్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకని కాగితం.

ముందు నీ ఉత్తరానికి జవాబులు. నా కుడికన్ను నయమే. డాక్టరు చుక్కల మందు మార్చాడు, మంట తగ్గింది. మీ నాన్నకి డిపోలో కొత్త బస్సు ఇచ్చారు. సీటు తన నడుముకి కుదరలేదని దిండు ఒకటి పట్టుకెళ్తున్నారు, ఆ దిండు నువ్వు చిన్నప్పుడు ఎవరినీ ముట్టుకోనివ్వనిది. ఆవు కడుపులోంచి మేకు తీశానని రాశావే, ఆ పేజీ డిపోలో అందరికీ చదివి వినిపించారట. చేయి భుజం దాకా లోపల పెట్టానన్న వాక్యం భోజనాల దగ్గర చదవొద్దని చెప్పాను. అక్కడే చదివారు.

ఇక రెండోది. మీ అమ్మ ఏం పని చేస్తుందని మీ పెద్ద డాక్టరమ్మ అడిగితే, "నక్షత్రాలు లెక్కపెడుతుంది" అని చెప్పి తప్పించుకున్నానని రాశావు. ఒకే ఇంట్లో పెరిగి నీకు ఆ మాత్రమే తెలియడం నా తప్పే. ఇప్పుడు చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు. తర్వాత రాయబోయేదానికి ఇది కావాలి.

నా పని కొలత. ఎక్కడో దూరాన ఉన్న గెలాక్సీల చిత్రాలు మా పరిశోధన సంస్థకి వస్తాయి. ఒక్కోదానికి రెండు రకాలు. ఒకటి పరారుణ కాంతిలో తీసింది, అంటే వేడెక్కిన వస్తువు నుంచి వచ్చే, కంటికి ఆనని వెలుగు. రెండోది రేడియో తరంగాలతో తీసింది. ఆ వెలుగు ఎంత, ఈ తరంగాలు ఎంత అని కొలిచి పట్టికలో వేస్తాను. ఆ రెండూ ఎక్కడ పుట్టాయన్నదే మా వాళ్ళ గొడవంతా. మామూలు గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుడుతూ ఉంటాయి. చుట్టూ ఉన్న దుమ్ము వాటి వేడికి కాగి పరారుణ కాంతి ఇస్తుంది. ఆ నక్షత్రాల్లో పెద్దవి కొన్నాళ్ళకి పేలిపోతాయి. ఆ పేలుళ్ళు చిమ్మిన కణాలు అయస్కాంత క్షేత్రంలో గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు పుట్టిస్తాయి. ఒకటి పుట్టుక వల్ల, ఒకటి చావు వల్ల. అందుకని అది అంత ఉంటే ఇది ఇంత ఉండాలని ఒక లెక్క కుదురుతుంది. చాలా గెలాక్సీలు ఆ లెక్క తప్పవు.

కొన్ని తప్పుతాయి. వాటి నడిమధ్య పెద్ద కృష్ణబిలం ఒకటి ఉండి చుట్టూ ఉన్న వాయువుని మింగుతూ ఉంటుంది. మింగుతూనే రెండు వైపులా సన్నటి ధారలు చిమ్ముతుంది. ఆ ధారల రేడియో, నక్షత్రాల లెక్కకి మించిపోతుంది. అలాంటివాటిని క్రియాశీల గెలాక్సీలంటారు. దుమ్ము దట్టంగా ఉంటే ఆ కృష్ణబిలం మామూలు చిత్రాల్లో కనబడదు. రేడియో లెక్కకి మించిందా లేదా అన్నదే దాన్ని పట్టిస్తుంది. కాబట్టి పరారుణ కొలతలో తేడా వస్తే తీర్పంతా తలకిందులవుతుంది. మీ డాక్టరమ్మకి ఇదంతా చెప్పక్కర్లేదు. నువ్వు తెలుసుకుంటే చాలు.

మూడో ప్రశ్న నువ్వు సంతకం కింద, చిన్న అక్షరాల్లో, అడగాలా వద్దా అన్నట్టు రాశావు. "పొడుగక్క ఎక్కడుందో ఏమైనా తెలిసిందా? అప్పుడు నేనేమైనా అన్నానా అమ్మా, అందుకే నాకు చెప్పకుండా వెళ్ళిపోయిందా?"

ఆ చిన్న అక్షరాలు చదివినప్పటి నుంచి నేను ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కడిగిన కప్పే మళ్ళీ కడుగుతున్నాను. మొన్న ఇంటి తాళం వేసి, వేశానో లేదోనని వీధి చివర నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చాను. పదేళ్ళపాటు ఆ ప్రశ్న నీ లోపలే పెట్టుకున్నావని నాకు తెలియదు. నీకప్పుడు పదమూడు. నువ్వేమీ అనలేదు, నువ్వేమీ చేయలేదు. ముందు ఇది నమ్ము, తర్వాత మిగతాది చదువు.

పొడుగక్క మా బృందంలోనే పనిచేసేదని నీకు తెలుసు. మూడేళ్ళ ఒప్పందం మీద వచ్చిన పరిశోధకురాలు. మన మేడ మీది గది అద్దెకి తీసుకుంది. గుమ్మంలో ప్రతిసారీ తల వంచేది, ఆ పేరు పెట్టింది నువ్వే. ఆ రోజుల్లో మా బృందం ముప్పై ఒక్క గెలాక్సీల జాబితా పట్టుకుని ఉంది. అన్నీ నక్షత్రాల లెక్కకి లోబడే ఉన్నాయని మా పెద్ద సారు అనేవారు. వాటిలో తొమ్మిదింటి నడిమధ్య కృష్ణబిలాలు దాగి ఉన్నాయని పొడుగక్క అనేది. వాటి రేడియో చిత్రాల్లో మధ్యలో సూదిమొనంత చుక్క ఉందని, నక్షత్రాల రేడియో అలా ఒకేచోట పోగుపడదని ఆమె వాదన. తేలాల్సింది నా కొలతల్లో. నేను పట్టిక ఇచ్చాను. ఆ తొమ్మిదింటికీ పరారుణ కాంతి దండిగా ఉంది, రేడియో లెక్కకి సరిపోయింది. పెద్ద సారు నెగ్గారు, వ్యాసం అచ్చయింది. పొడుగక్క ఒప్పందం పొడిగించలేదు. రెండు పెట్టెలతో వెళ్ళిపోయింది. మంచి ఉద్యోగం వచ్చిందట అని నీతో చెప్పింది నేను.

మూడు నెలల కిందట కొత్త దుర్భిణి చిత్రాలు వచ్చాయి. పాతవాటికీ వీటికీ పోలికే లేదు. పాత పరారుణ చిత్రం తడిసిన అద్దంలోంచి చూసినట్టుండేది. ఒక్కో గెలాక్సీ ఒక మసక. ఆ ముప్పై ఒకటీ మళ్ళీ కొలవమన్నారు పెద్ద సారు. మూడోరోజు పొద్దున పద్నాలుగో నంబరు తెరిచాను. పాత చిత్రంలో ఒకటే మసక ఉన్నచోట ఇప్పుడు రెండు గెలాక్సీలు విడివిడిగా ఉన్నాయి. వెలుగంతా పక్కదానిది. మేము కొలిచామనుకున్న గెలాక్సీలో దుమ్ము వెలుగు పిసరంత. దాని నడిమధ్య మాత్రం చిన్న వేడి చుక్క, సరిగ్గా రేడియో చుక్క ఉన్నచోటే. పక్కింటి వెలుగుని దీని ఖాతాలో వేశాం. దీనిది దీనికి పెడితే రేడియో లెక్కకి ఎన్నో రెట్లు మించిపోయింది. పొడుగక్క చెప్పిందే నిజం.

ఆ చిత్రం మూసేసి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాను. వచ్చి మళ్ళీ తెరిచాను. అది అలాగే ఉంది.

వారం తిరిగేసరికి మిగతా ఎనిమిదీ చూశాను. ఏడు అలాంటివే. ఇరవై ఆరో నంబరు మాత్రం ఎటూ తేలలేదు. కాగితాలు తీసుకుని పెద్ద సారు గదికి వెళ్ళాను. ఆయన నిలబడే చూశారు. ఆయన చెడ్డవాడు కాదు బుజ్జీ, తొందరపడే మనిషి, అంతే.

"పాతదానికి అంతే కనబడింది, కొత్తదానికి ఎక్కువ కనబడింది. ఇందులో తప్పెవరిదమ్మా? 'మెరుగైన చిత్రాల వల్ల తేలింది' అని ఒక వాక్యం రాద్దాం. సరిపోతుంది," అన్నారు.

"మరి ఆ అమ్మాయి సార్?"

"ఏ అమ్మాయి?"

నిజంగానే గుర్తులేక అడిగారు. చెప్పాక, "అవునవును, పొడుగ్గా ఉండేది. ఇప్పుడేం చేస్తోందో," అని టేబుల్ మీద ఇంకో కాగితం అందుకున్నారు.

ఎవరి తప్పూ కాదన్నారు కదా, హాయిగా ఇంటికి రావాలి. రాలేకపోయాను. మర్నాడు సెలవు పెట్టి మీ నాన్న బస్సెక్కాను. చివరి స్టాపు దాకా వెళ్ళాను, దిగలేదు. తిరిగి మొదటి స్టాపుకి వచ్చాను, దిగలేదు. నాలుగో ట్రిప్పులో చివరి స్టాపు దగ్గర జనమంతా దిగాక మీ నాన్న ఇంజను ఆపి వచ్చి నా ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నారు.

"దిగే ఉద్దేశం ఏమైనా ఉందా?"

"బస్సు ఖాళీగానే ఉందిగా. కూర్చుంటే ఏం పోయింది?"

"ఏం పోలేదు. వెనక సీటాయన వచ్చి, ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో చూడండి అని నాకు చెప్పి మరీ దిగాడు. అద్దం మీద వేలితో అంకెలు రాస్తున్నావట."

అక్కడ చెప్పేశాను ఆయనకి. నీకింకా రాయలేదే, ఆ సంగతి. చేయి రావట్లేదు, కాస్త ఓర్చుకో. ఆయన మొత్తం విన్నారు. గడియారం చూసుకున్నారు.

"ఆ అమ్మాయి ఎక్కడుందో తెలుసా నీకు?"

"తెలుసు. ఇక్కణ్ణుంచి రైల్లో రెండు గంటలు. కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తోంది."

"ఎప్పట్నించి తెలుసు?"

"నాలుగేళ్ళ నుంచి."

మీ నాన్న లేచారు. దిండు సర్దుకున్నారు. "నాకు టైమైంది, బస్సు తియ్యాలి. నువ్వు మాత్రం ఇక్కడ దిగు. రైల్వే స్టేషను నడిచి వెళ్తే పది నిమిషాలు," అన్నారు. అంత మెత్తగా ఆయన మాట్లాడితే నాకు భయం. దిగాను.

ఆ దుకాణం ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి అప్పుడు లోపలికి వెళ్ళాను. ముందు గదిలో అద్దాల బీరువాలు, వెనక ఒక చిన్న గదిలో అద్దాలు అరగదీసే చక్రం. దానిమీద సన్నగా నీళ్ళు కారుతున్నాయి. మోకాళ్ళ దాకా ముదురు రంగు ఆప్రాన్ కట్టుకుని ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది పొడుగక్క. కణతల దగ్గర జుట్టు నెరిసింది. తలెత్తకుండానే, "కళ్ళజోడు అక్కడ ట్రేలో పెట్టండి మేడమ్," అంది. తర్వాత తలెత్తింది.

మన ఇంట్లో ఉన్న మూడేళ్ళూ నన్ను పిన్నీ అని పిలిచింది కదా. ఆ రోజు ఆ మాట రాలేదు. నేను కుశలప్రశ్నలు వేయలేకపోయాను.

"పద్నాలుగో నంబరు రెండుగా విడిపోయింది," అన్నాను.

చక్రం ఆపింది. చేతులు తుడుచుకుంది. "పక్కది ఏ వైపు?"

"ఈశాన్యం."

"మిగతావి?"

"ఏడు తేలాయి. ఇరవై ఆరు తేలలేదు."

"ఇరవై ఆరు నాకూ అనుమానమే ఉండేది," అంది. పదేళ్ళయినా నంబర్లన్నీ ఆమెకి గుర్తున్నాయి. కాసేపు తన చేతుల వంక చూసుకుంది. "సరే. కొత్త చిత్రాలు వచ్చాయి, తేలింది. సంతోషమే. ఆ ముక్క చెప్పడానికి ఇంత దూరం రావాలా?"

"పాత చిత్రాల్లోనే తేలింది," అన్నాను.

ఇదే బుజ్జీ, నీకు చెప్పకుండా దాటేసుకుంటూ వచ్చింది. ఆమెకి చెప్పినట్టే నీకూ చెప్తున్నాను. పదేళ్ళ కిందట నేను వేసిన మొదటి పట్టికలో ఇంకో కాలమ్ ఉండేది. దాని పేరు 'ఎడం'. పరారుణ మసక నడిమధ్యకీ, రేడియో చుక్కకీ మధ్య ఎంత దూరం ఉందో అందులో రాశాను. వెలుగూ రేడియో ఒకే గెలాక్సీవైతే ఎడం ఉండకూడదు. ఆ తొమ్మిదింట్లో ఎనిమిదింటికి ఉంది. అదీ ప్రతిసారీ పక్కన ఇంకో గెలాక్సీ ఉన్న వైపుకే. పద్దెనిమిదేళ్ళు అదే పని చేసినదాన్ని, నాకు అర్థం కాక కాదు. పట్టిక ఇవ్వాల్సిన రోజున ఆ కాలమ్ తీసేసి ఇచ్చాను. పెద్ద సారు అడిగారు కూడా. "కొలతల్లో అనుమానం ఏమైనా ఉందా అమ్మా, ఉంటే ఇప్పుడే చెప్పండి," అన్నారు. "ఏమీ లేదు సార్," అన్నాను.

పొడుగక్క చక్రం మీద కారుతున్న నీళ్ళు కట్టేసింది. తర్వాత ఒకటే అడిగింది. "ఎందుకు?"

రెండు కారణాలు చెప్పాను. ఆ ముందు వారం సమావేశంలో అందరి ఎదుటా, "పరారుణ కొలతలు ఇంకోసారి చూడాలి" అంది ఆమె. అది నా పని మీద వేసిన నింద అనుకున్నాను. రెండోది నీ సంగతి. నీకు మొదటిసారి నెలసరి వచ్చిన రోజు గుర్తుందా? నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నువ్వు మేడ మీద ఆమె గదిలో, ఆమె దుప్పటి కప్పుకుని కూర్చున్నావు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు, నేను గుమ్మంలోకి రాగానే ఆపేశారు. అప్పటికే నీ బడి కబుర్లు, నీ స్నేహితురాళ్ళ తగాదాలు అన్నీ ఆమెకే ముందు. ఇది కూడానా అనిపించింది. నవ్వుతూనే నిన్ను కిందికి తీసుకొచ్చాను. మర్నాడు పొద్దున ఆఫీసుకెళ్ళి ఆ కాలమ్ తీసేశాను. ఆమె బతుకు పాడుచేద్దామని అనుకోలేదు. ఒక్కసారి ఓడిపోతే చాలనుకున్నాను. ఈ రెండింటికీ మధ్య తేడా అప్పుడు నాకు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

పొడుగక్క స్టూలు మీంచి దిగింది. కోపంతో అరుస్తుందేమో అనుకున్నాను. అరిస్తే నాకు తేలికయ్యేది.

"ఆ రోజు బుజ్జి నా దగ్గరికి వచ్చింది మీరు ఇంట్లో లేరని," అంది. "మీరు గుమ్మంలోకి వచ్చేసరికి మేం ఏం మాట్లాడుకుంటున్నామో తెలుసా? అమ్మకి ఎలా చెప్పాలో నేర్పు అని అడుగుతోంది. ఏడవకుండా చెప్పాలట."

ముందు గదిలో ఎవరో గంట నొక్కారు. ఆమె వెళ్ళి ఒక ముసలాయన కళ్ళజోడుకి మరలు బిగించి, ముక్కు మీద పెట్టి చూసి పంపించి వచ్చింది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చివరికి, "నాకు చెప్తే ఏం లాభం? అచ్చులో అబద్ధం ఉంది. అచ్చులోనే సరిచెయ్యండి," అని మళ్ళీ చక్రం తిప్పింది.

వచ్చి సవరణ రాశాను. సగం పేజీ. కొత్త చిత్రాల వల్ల తేలిందని కాదు, ఎడం కొలిచి కూడా పట్టికలోంచి తీసేశానని, ఎవరూ తీయమనలేదని, అడిగినా చెప్పలేదని రాసి కింద నా సంతకం పెట్టాను. పెద్ద సారు చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది అచ్చయితే మీ ఇరవై ఎనిమిదేళ్ళ కొలతలన్నీ జనం మళ్ళీ తవ్వుతారు, తెలుసా?"

"తవ్వనివ్వండి సార్."

"నా పేరు కూడా ఉంది దానిమీద."

"మిమ్మల్ని ఏమీ అనలేదు సార్ అందులో. మీరు అడిగారనే రాశాను."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు సంతకం పెట్టి పంపించారు. నన్ను కొలతల గది నుంచి తీసేసి కింది అంతస్తులో పాత చిత్రాల పెట్టెలు సర్దే పనికి వేశారు. గది తాళంచెవి తిరిగి ఇచ్చేశాను. నా పాత పట్టికలన్నీ వేరేవాళ్ళు తిరిగి చూస్తున్నారు. ఇప్పటిదాకా ఇంకేమీ దొరకలేదు. దొరకదనే అనుకుంటున్నాను, కానీ అలా అనుకునే హక్కు నాకు లేదని కూడా తెలుసు. మీ నాన్నకి ఇదంతా చెప్తే, "పెట్టెలైనా సరిగ్గా సర్దు," అన్నారు. ఆ రాత్రి నుంచి మళ్ళీ నాతో మామూలుగా మాట్లాడుతున్నారు.

ఆ తొమ్మిదింటినీ ఇంకెవరైనా కొలిస్తేనే ఆ వ్యాసం వేసిన పత్రిక వాళ్ళు సవరణకి ఒప్పుకుంటామన్నారు. పెద్ద సారు పొడుగక్కకి ఉత్తరం రాశారు. వస్తుందని నేననుకోలేదు. పోయిన మంగళవారం వచ్చింది. నా కుర్చీలో కూర్చుంది. పాత కాగితాల్లో నా రాత చదివి చెప్పడానికి పక్కన ఇంకో కుర్చీ వేయించారు నాకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇద్దరం అంకెలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఎనిమిదింటికీ నేను కొత్తగా కొలిచినదానికీ, ఆమె కొలిచినదానికీ తేడా దాదాపు లేదు. ఇరవై ఆరు దగ్గర ఆగింది. అది కూడా తనవైపే తేలితే తన మాట పూర్తిగా నెగ్గేది. గంటసేపు చూసి 'తేలలేదు' అని రాసింది.

ఆరు నెలలు వచ్చి పనిచేయమని పెద్ద సారు అడిగారు. "ఆలోచించుకోవాలి. నేను చేసిన అద్దం పెట్టుకున్నవాళ్ళు, బాగా కనబడుతోందని అక్కడే చెప్పి వెళ్తారు. నాకిప్పుడు అదే అలవాటైంది," అంది ఆయనతో. వస్తుందో రాదో తెలియదు. మిగిలిన కాగితాల కోసం వచ్చే మంగళవారం ఇంకోసారి మాత్రం వస్తానంది.

వెళ్ళేముందు చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ, నా వైపు చూడకుండా, "బుజ్జి ఏం చేస్తోంది?" అని అడిగింది. పశువుల డాక్టరైందని చెప్పాను. ఆవు కడుపులో మేకు సంగతి కూడా చెప్పాను. నవ్వింది, కొంచెమే. నీ అడ్రసు అడిగింది. బుజ్జిని అడిగి చెప్తానన్నాను.

"ముందు మీరు చెప్పాల్సింది చెప్పండి. అడగడం ఆ తర్వాత," అంది.

చెప్పాను. క్షమించమని రాయడం లేదు. ఈ ఉత్తరం అందిన రోజున నువ్వు దానికి సిద్ధంగా ఉండాలని కోరడం కూడా ఇంకో తప్పే అవుతుంది. కోపం వస్తే కోపంతోనే రాయి. నాన్నకి రాయి, నాకొద్దు అనిపిస్తే. పదేళ్ళు నీ మీద వేసుకున్న నింద మాత్రం ఇవాళే దించేసెయ్.

అడ్రసు ఇవ్వమంటావా, వద్దంటావా? ఆ ఒక్క మాట కార్డు మీద రాసి పంపినా చాలు. మంగళవారంలోగా నీ జవాబు రాకపోతే, ఇంకా రాలేదనే ఆమెకి చెప్తాను. నువ్వు ఏమంటావో నాకు తెలుసని మాత్రం అనను.

ఇట్లు,
నీ జవాబు ఏదైనా సరే, చదవడానికి పోస్టుపెట్టె దగ్గర కాచుకుని ఉన్న
అమ్మ